నలభై ఆరో భాగం, పదిహేడో నిమిషం

ఆ మేడకి అయిదంతస్తులు. నాలుగింటికి మంచి పేరే ఉంది. మూడోదానికే లేదు.

రాత్రి పదకొండు దాటాక మెట్లెక్కేవాళ్లు రెండో అంతస్తు దాకా కబుర్లు చెప్పుకుంటూ వస్తారు. మూడో అంతస్తు మలుపు రాగానే మాట ఆగిపోతుంది. మళ్లీ నాలుగో అంతస్తు దీపం కనపడ్డాకే గొంతు లేస్తుంది. లిఫ్టులో వెళ్లేవాళ్లకైనా సుఖం ఉందా అంటే అదీ లేదు. ఎవరూ నొక్కకపోయినా అది మూడో అంతస్తులో ఆగుతుందని చెప్పుకుంటారు. నిజానికి ఆగదు. దాన్ని బాగుచేసే మెకానిక్ ఉండేదే ఆ మూడో అంతస్తులో. ఆయన చేతి కింద ఉన్న లిఫ్టు అలాంటి తప్పుడు పనులు చెయ్యదు. కానీ ఒకసారి పేరు పాడయ్యాక లిఫ్టు మాట ఎవరు వింటారు?

ఆయన తలుపు పక్కనే గోడలో చెప్పుల బీరువా ఉంది. తాళం వేసే ఉంటుంది. లోపల ఏదో రొద పెడుతూ ఉంటుంది... ఉన్నట్టుండి మనిషిలా దగ్గుతుంది. రెండూ ఇరవై అయ్యేసరికి తలుపు కింద సందులోంచి నీలం వెలుగు మెట్ల మీదకి పాకుతుంది. ఆ వెంటనే లోపల ఒక ఆడగొంతు.

ఆ ఇంట్లో ఆడమనిషి పోయి అప్పటికి ఏడు నెలలు దాటింది.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. నాకు చెప్పింది నాలుగో అంతస్తులో బట్టలు కుట్టే టైలరమ్మ. సగం తను చెవులారా విన్నదనీ, మిగతా సగం ఆయన నోటినుంచే రాబట్టాననీ కత్తెర మీద ఒట్టేసి మరీ చెప్పింది.

పోయినావిడ కోర్టులో టైపిస్టు. చిన్నప్పుడు గవదబిళ్లలొచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయింది. అందుకని హాల్లో సోఫాలో ఎడమ మూల ఆవిడది, పక్కన కుడివైపు ఆయనది. వినపడే చెవి వైపు మొగుడు ఉండాలి కదా. సీరియల్లో ఏ మాటైనా అందకపోతే ఆవిడ "ఏమన్నాడు?" అని అడిగేది కాదు. రిమోట్ మీద వెనక్కి మీట టకటకా రెండుసార్లు నొక్కేది. నొక్కుకి పది సెకన్లు. విన్న మాటే మళ్లీ వినాల్సొచ్చి ఆయన విసుక్కునేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు.

చెప్పుల బీరువాలో రొద పెట్టేది ఆవిడ పెట్టిన పెట్టే. ఆఫీసువాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటరు తెచ్చి, తనే పుస్తకాలు చూసి నేర్చుకుని, దాంట్లో మీడియా సర్వర్ వేసింది. అంటే మరేం లేదు. ఇంట్లో ఉన్న సినిమాలు, సీరియళ్లు, పెళ్లి వీడియోలు అన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. హాల్లో టీవీలో చూడొచ్చు, ఫోన్లో చూడొచ్చు, వేరే ఊళ్లో ఉన్న కూతురు అక్కడినుంచే చూడొచ్చు. ఎవరు ఎక్కడ ఆపారో అది గుర్తుపెట్టుకుని, మళ్లీ నొక్కితే అక్కడే మొదలుపెడుతుంది. రొద భరించలేక ఆయనే దాన్ని చెప్పుల మధ్యకి తోసి, గోడకి కన్నం పెట్టి తీగ లాగాడు.

వినడానికి బాగానే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం పైన పటారం, లోన లొటారం. ఒకటో భాగం తర్వాత పదోది చూపించేది. కరెంటు చటుక్కున పోతే ఎవరు ఎక్కడ ఆపారో అంతా మర్చిపోయేది. ఆవిడ ఊరుకునే రకం కాదు. దాన్ని తయారుచేసినవాళ్లకి అర్జీలు పెట్టేది. అచ్చం కోర్టు కాగితాల్లా... తేదీ, టైమూ, ఒకటి, రెండు, మూడు అని అంకెలు, "పై విషయమై తమకు ఇంతకుముందే మనవి చేసి యున్నాను" అని. వాళ్లు "మా దగ్గర అలా జరగడం లేదండీ" అని జవాబిచ్చేవాళ్లు. లేదంటే కొత్త వెర్షన్‌లో సరిపోతుందనేవాళ్లు. కొత్త వెర్షన్ వచ్చేది, ఒక తప్పు పోయి రెండు తప్పులు వచ్చేవి. ఒకసారి ఆవిడ అర్జీ కిందే ఎవడో దూరి, టీవీలో బొమ్మ వెనక రంగు ఎలా మార్చుకోవాలండీ అని అడిగాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికి ఇలాంటివాడే.

"నాకు జ్వరం అంటే, నాకు లేదుగా అనే డాక్టరుని ఎక్కడైనా చూశారా మీరు?" అనేదట మొగుడితో. ఆయన నవ్వేవాడు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. మొగుడూపెళ్లాలు కలిసి చూసే సీరియల్ ఒకళ్లు లేకుండా ఒకళ్లు ముందుకి చూడకూడదు. అప్పుడు చూస్తున్నది డెబ్బై రెండు భాగాలది. ఓడరేవులో పోస్టాఫీసు నడిపే అక్కాచెల్లెళ్ల కథ. ఒక రాత్రి నలభై ఆరో భాగంలో పదిహేడో నిమిషం దగ్గర ఆవిడ ఆవలించి, "మిగతాది రేపు చూద్దాంలెండి" అని ఆపి వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి మనిషి లేదు.

ఆయన ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. మూడో రోజే పనికి వెళ్లాడు. లిఫ్టులకి నూనె పెట్టాడు, తాళ్లు బిగించాడు. ఎవరు పలకరించినా "ఆఁ, బాగానే ఉన్నా" అనేవాడు. నీళ్లు తాగాడో లేదో గ్లాసు చూసి తెలుసుకునేవాడు.

రోజుకి ఒక్క పని మాత్రం మానలేదు. పనినుంచి రాగానే టీవీ పెట్టేవాడు. ఆవిడ పేరు కింద "ఆపిన చోటినుంచి చూడండి" అని ఒక వరస వస్తుంది. అందులో ఉండేది... నలభై ఆరో భాగం, పదిహేడో నిమిషం. చూసేవాడు. కట్టేసేవాడు. నొక్కితే ముందుకి జరుగుతుంది, కరెంటు పోతే చెరిగిపోతుంది. అందుకని లిఫ్టుకి వాడే బ్యాటరీ ఒకటి తెచ్చి చెప్పుల బీరువాలో ఆ పెట్టె కింద పెట్టాడు. ఆవిడ ఈ లోకంలో ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పే గుర్తు ఆయనకి అదొక్కటే.

ఎనిమిదో నెలలో ఒక రాత్రి మెలకువ వచ్చింది.

హాల్లో ఎవరో మాట్లాడుతున్నారు.

"ఉత్తరం వచ్చిందా?"

ఆడగొంతు... మెల్లగా. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. ఆయన లేచి వెళ్లాడు. హాలంతా నీలంగా ఉంది. టీవీ వెలుగుతోంది. ఎదురుగా సోఫా ఖాళీ. రిమోట్ ఆయన పెట్టిన చోటే ఉంది. బొమ్మలో పోస్టాఫీసు కిటికీ దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. పైన చిన్న అక్షరాల్లో ఆవిడ పేరు. కింద నలభై ఆరో భాగం... పద్దెనిమిదో నిమిషం.

భయం వెయ్యలేదట. భయపడాలన్నా కాస్త ఓపిక కావాలి. ఆయనకి తోచింది ఒక్కటే, పదిహేడు పోయింది. రెండో మాట వినకుండా వెళ్లి టీవీ కట్టేశాడు.

తెల్లారి చూస్తే వరసలో నలభై ఏడో భాగం ఉంది, పన్నెండో నిమిషం దగ్గర.

టీవీ కట్టేశాక కూడా ఎవరో చూశారు.

రెండో రాత్రి రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి కలాల డబ్బాలో పడేశాడు. రెండూ ఇరవైకి టీవీ వెలిగింది. మూడో రాత్రి టీవీ తీగే లాగేశాడు. హాలు చీకటిగానే ఉంది, చప్పుడు లేదు. పొద్దున్న తీగ పెట్టి చూస్తే నలభై తొమ్మిది. ఆ పూట నుంచి తీగ మళ్లీ లాగలేదు. చూసేవాళ్లు ఎలాగూ చూస్తున్నారు, చీకట్లో ఎందుకు అనుకున్నాడట.

పెట్టె ఆపేద్దామంటే అది ఉన్నదంతా మర్చిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

టైలరమ్మకి అర్జెంటు జాకెట్లుంటే ఆ వేళప్పుడు కూడా మిషను దగ్గరే ఉంటుంది. వారం ఓపికపట్టి, మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, చుట్టూ చూసి, గుసగుసగా అడిగింది.

"అన్నయ్యగారూ... రాత్రిళ్లు వదినగారి గొంతు వినిపిస్తోందండీ."

"వదిన కాదమ్మా. సీరియల్."

"అర్ధరాత్రి సీరియల్ ఎవరు చూస్తారండీ?"

ఆయన చెప్పులు తొడుక్కుని పనికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా ఆ మాట అయిదంతస్తులూ తిరిగొచ్చింది. మూడో అంతస్తుకి పేరు పడింది ఆ రోజునుంచే.

ఆ సాయంత్రం ఆయన చెప్పుల బీరువా తెరిచాడు. తలుపు లోపలివైపు ఆవిడ అంటించిన కాగితం ఉంది. అర్జీలు పెట్టే చోటికి వెళ్లే దారి, లోపలికి పోవడానికి రహస్యపు మాట, అన్నీ చక్కగా టైపు చేసి. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు వేళ్లతో కొట్టి లోపలికెళ్లాడు. పద్నాలుగు అర్జీలున్నాయి. మొదటినుంచి చదివాడు. ఆవిడ కోపమంతా అక్కడ తాజాగా ఉంది. చదువుతుంటే ఆవిడ పక్కగదిలో కూచుని టైపు కొడుతున్నట్టే అనిపించిందట.

తొమ్మిదో అర్జీ దగ్గర ఆగాడు.

"మేము ఫోనులో చూచుటకు నొక్కినచో, హాలులోని టీవీ కూడ దానంతట అదియే వెలిగి, అదే చూపుచున్నది. ఎంత దూరమునుండి నొక్కినను ఇట్లే జరుగుచున్నది. ఇంటివారు జడుసుకొనుచున్నారు. తక్షణము సరిచేయ ప్రార్థన." కింద తయారుచేసినవాళ్ల జవాబు, మా దగ్గర జరగడం లేదని. ఆ కింద ఆవిడ మళ్లీ. మళ్లీ వాళ్లు. మూడేళ్ల పాటు అదే వరస.

పన్నెండోది ఇంకో తప్పు గురించి. ఇంట్లో ముగ్గురికీ మూడు పేర్లు పెడితే ఒకళ్లు చూసింది ఇంకొకళ్ల పేరు మీద రాస్తోందట. చివర్లో ఆవిడ విసిగిపోయి రాసింది. "కావున ఇంటిల్లిపాదికిని నా పేరే ఇచ్చివేసితిని. ఇకమీదట ఎవరు చూచినను నేను చూచినట్లే."

ఆవిడ ఫోను అలమరలో ఆరిపోయి పడుంది. ఆయన ఫోన్లో ఆ గొడవే లేదు. మిగిలింది ఒక్క ఫోను.

కూతురు వేరే ఊళ్లో బ్లడ్ బ్యాంకులో పనిచేస్తుంది. రాత్రి డ్యూటీలు. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. తిన్నావా అంటే తిన్నాను, నువ్వో అంటే ఆఁ, ఆ పైన ఇద్దరికీ మాటలుండవు. ఆ ఆదివారం ఆయనే ఇంకొకటి అడిగాడు, రాత్రి రెండున్నర ప్రాంతంలో ఏం చేస్తుంటావని.

అటువైపు గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"కాస్త ఖాళీ దొరుకుతుంది నాన్నా అప్పుడు. టీ పెట్టుకుని... అమ్మ సీరియల్ చూస్తున్నా. అమ్మ ఆపిన దగ్గర్నుంచి. మీరిద్దరూ ఒకళ్లు లేకుండా ఒకళ్లు చూడరుగా. అందుకే నీకు చెప్పలేదు. కోపమొచ్చిందా?"

"లేదమ్మా."

ఇక్కడ టీవీ వెలుగుతోందని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే నొచ్చుకుని మానేస్తుంది. మానేస్తే రెండూ ఇరవైకి హాలు మళ్లీ చీకటే.

దెయ్యం తేలిపోయింది కదా, ఇక కథేముంది అంటారా? నేనూ అదే అన్నాను టైలరమ్మతో. ఆవిడ పంటితో దారం తెంపి, ఆగమంది.

ఆ మర్నాటినుంచి ఆయన రెండూ పదికి అలారం పెట్టుకుని లేచేవాడు. హాల్లోకి వచ్చి సోఫాలో ఎడమ మూల కూచునేవాడు. తన చోట కూచుంటే వీధి దీపం వెలుగు కళ్లలో పడి బొమ్మ కనపడేది కాదు. రెండూ ఇరవైకి టీవీ వెలిగేది. అక్కడ కూతురు నొక్కితే ఇక్కడ తండ్రి చూసేవాడు. మధ్యలో ఒక్కోసారి బొమ్మ ఠక్కున ఆగిపోయేది. ఎవరికో రక్తం కావలసి వచ్చి పిల్ల లేచి వెళ్లిందని అనుకునేవాడు. చేతులు కట్టుకుని ఆగిన బొమ్మనే చూస్తూ ఉండేవాడు. అరగంటకో, గంటకో మళ్లీ కదిలేది. పని అయిందన్నమాట. అప్పుడు ఆయన ఊపిరి వదిలేవాడు. వాళ్ల అమ్మలా కాదు ఆ పిల్ల, మాట అందినా అందకపోయినా ముందుకే పోయేది తప్ప వెనక్కి నొక్కేది కాదు.

ఆదివారాలు ఫోన్లో మాటలు పెరగలేదు. ఆయనకి పెరిగినట్టే అనిపించింది.

అరవయ్యో భాగంలో ఉండగా పొద్దున్నే టీవీలో ఒక కబురు మెరిసింది. తొమ్మిదో అర్జీకి జవాబు. "మీరు తెలిపిన తప్పు సరిచేశాము. కొత్త వెర్షన్ వేసుకోగలరు. మీ ఓపికకు కృతజ్ఞతలు." ఓపిక పట్టిన మనిషి పోయి ఎనిమిది నెలలు దాటింది. కబురు కింద రెండు మీటలున్నాయి. ఇప్పుడే. తర్వాత.

ఆయన టీవీ అంచునున్న బొత్తాంతో "తర్వాత" నొక్కాడు. అది రోజూ అడిగేది. ఆయన రోజూ తర్వాతే అనేవాడు. మూడేళ్లు ఆ తప్పు పోవాలని ఆవిడ ప్రాణం పెట్టి పోరాడింది. ఇప్పుడు అది పోతుందేమోనని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

నెల తిరిగాక కూతురు నాలుగు రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. ఆయన పనినుంచి వచ్చేసరికి చెప్పుల బీరువా తెరిచి, పెట్టె మీద దుమ్మంతా దులిపి, ముక్కుకి కొంగు కట్టుకుని కూచుని ఉంది.

"అమ్మ అడిగింది చేశారంట చూశావా నాన్నా? మూడేళ్లు కొట్లాడింది, పాపం. కొత్తది వేసేశా."

ఆయన చేతిలో పనిముట్ల సంచి అలాగే ఉంది. పిల్ల లేచి ఫోన్లో సీరియల్ నొక్కి చూపించింది. డెబ్బయ్యో భాగం దాని చేతిలో ఆడుతోంది. హాల్లో టీవీ నల్లగా ఉంది.

"చూడు, రావట్లేదు. అమ్మ గెలిచింది."

ఇన్ని నెలల తర్వాత ఆ పిల్ల నవ్వడం ఆయన అప్పుడే చూశాడు.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు.

ఆ రాత్రి పిల్ల లోపలి గదిలో పడుకుంది. దాని ఫోను హాల్లో బల్ల మీద, ఆరిపోయి, చార్జింగులో ఉంది. రెండూ పదికి ఆయనకి అలారం లేకుండానే మెలకువ వచ్చింది. పనేం లేదని తెలుసు. అయినా వచ్చి ఎడమ మూల కూచున్నాడు.

రెండూ ఇరవై.

రెండూ ఇరవై అయిదు.

గదిలోంచి పిల్ల ఊపిరి వినిపిస్తోంది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాడట. రాలేదు. సరే, పడుకుందాం అని మోకాళ్ల మీద చేతులు ఆన్చాడు.

చెప్పుల బీరువాలో పెట్టె దగ్గింది.

టీవీ వెలిగింది.

పైన ఆవిడ పేరు. కింద... నలభై ఆరో భాగం. పదిహేడో నిమిషం.

బల్ల మీద ఫోను వంక చూశాడు. నల్లగా ఉంది. కొత్త వెర్షన్ కదా, కొత్త తప్పేదో తెచ్చుంటుంది, లెక్క తప్పి పాత చోటు చూపిస్తోంది అనుకున్నాడు. అలా అనుకోవడానికి ఏ అడ్డూ లేదు. పోస్టాఫీసు కిటికీ దగ్గర చెల్లెలు నిలబడి ఉంది.

"ఉత్తరం వచ్చిందా?"

అక్క తల వంచుకుని ఏదో గొణిగింది.

బొమ్మ పది సెకన్లు వెనక్కి పోయింది. ఆ వెంటనే... ఇంకో పది.

"ఉత్తరం వచ్చిందా?"

అక్క గొణిగింది. మళ్లీ వెనక్కి... మళ్లీ వెనక్కి.

రిమోట్ టీవీ కిందే ఉంది. దాని బ్యాటరీలు కలాల డబ్బాలో ఉన్నాయి. ఆయన కదల్లేదు. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయట. ఎన్నో నెలల తర్వాత ఒంటికి ఏదో తెలియడం అదే మొదలు. అప్పుడు చూసుకున్నాడు, తను ఏ మూల కూచున్నాడో.

మెల్లగా లేచాడు. కుడివైపుకి వెళ్లి, వీధి దీపం కళ్లలో పడుతున్నా, తన చోట తను కూచున్నాడు.

"జరిగానులే," అన్నాడు. "కూర్చో."

"ఉత్తరం వచ్చిందా?" అంది చెల్లెలు.

"వచ్చింది," అని గొణిగింది అక్క. "నువ్వే చూసుకోలేదు."

ఈసారి బొమ్మ వెనక్కి పోలేదు.